ఫాదర్ల పేర్ల వెనక ఉండే ఎస్.జె., ఓ.ఎఫ్.ఎం., ఎం.ఎస్.ఎఫ్.ఎస్. లాంటి అక్షరాలు ఎలా చదవాలి, కార్డు మీద ఎలా రాయాలి

మొన్నామధ్య మా విచారణలో, అంటే మా చర్చి పారిష్‌లో, ఒక ఫాదర్ గారి గురుపట్టాభిషేక రజతోత్సవం (ఫాదరై పాతికేళ్ళయిన పండగ) జరిగింది. ఫ్లెక్సీ పని నా నెత్తిన పడింది. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపుకెళ్ళి, వాట్సాప్‌లో వచ్చిన అతిథుల పేర్లన్నీ డిజైన్ చేసే కుర్రోడికి ఫార్వర్డ్ చేసి పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. వాడు లిస్టు చూసి "ఇదేటి బావూ, ఈ పేరెనకాల సి.ఎం. అనుంది, సీఎం గారొస్తన్నారేటి మీ చర్చికి?" అన్నాడు. ఇంకో పేరు వెనక ఓ.పి. చూసి "ఈయన డాక్టరా, ఓ.పి. చూస్తాడా" అనడిగాడు. నవ్వుకుని టీకి వెళ్ళొచ్చాను, అదే తప్పయిపోయింది. నేనొచ్చేలోగా వాడి తెలివంతా వాడేసి ఒకాయన పేరు వెనకున్న ఎస్.జె.ని తీసుకెళ్ళి ముందు పెట్టేశాడు, ఇంటిపేరు అనుకుని. నేనూ చూసుకోలేదు. పన్నెండడుగుల ఫ్లెక్సీ గేటుకి కట్టేశాక అప్పుడు కనబడింది.

వాడినేం అనలేం. తెలుగోళ్ళకి పేరుకి ముందు అక్షరాలుంటే ఇంటిపేరు, వెనక ఉంటే డిగ్రీ, అంతే, మూడోది మనకి అలవాటు లేదు. ఫాదర్లు, సిస్టర్లు, బ్రదర్ల పేర్ల వెనక ఉండే అక్షరాలు ఆ మూడోది. వాళ్ళు చదివిన చదువు కాదు, చేరిన ఇల్లు. ఒక మఠసభలో, అంటే ఫాదర్లో సిస్టర్లో బ్రదర్లో ఒకే నియమం కింద కలిసి బతికే సంస్థలో చేరి పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటపట్టులు (వ్రతాలు) ఇచ్చాక ఆ సభ అక్షరాలు పేరు వెనక వచ్చి చేరతాయి. మా అమ్మకి చెప్పినప్పుడు ఇలా చెప్పాను, ఆడపిల్లకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినట్టన్నమాట, కాకపోతే ఇక్కడ పాత ఇంటిపేరు ముందు అలాగే ఉంటుంది, కొత్తది వెనక వస్తుంది. కె. రాయప్ప, ఎస్.జె. అని ఉందనుకోండి, ముందున్న కె. పుట్టింటిది, వెనకున్న ఎస్.జె. చేరిన ఇంటిది. అమ్మకి ఠక్కున అర్థమైంది.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. మీ చేతిలో ఒక శుభలేఖో జూబిలీ కార్డో సమాధి రాయి మీద వేయించాల్సిన మేటరో ఉంది, అందులో ఇలాంటి పేర్లున్నాయి. ఏం చేయాలి.

మొదటి పని, అసలు అక్షరాలు ఉన్నాయా లేవా చూడండి. లేకపోతే కంగారుపడి వెతికి పెట్టకండి. చాలామంది ఫాదర్లకి ఏ అక్షరాలూ ఉండవు, వాళ్ళు మేత్రాసన గురువులు, అంటే ఏ మఠసభకీ చెందకుండా నేరుగా పీఠాధిపతి (బిషప్పు) గారి కింద పనిచేసేవాళ్ళు. మేత్రాసనం అంటే ఒక బిషప్పు గారి పరిధి. మన శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖపట్నం నుంచి విడిపోయి ఏర్పడింది, పాత శ్రీకాకుళం విజయనగరం జిల్లాలు రెండూ దీని కిందే. మేత్రాసనం కోసమే అభిషేకం పొందిన గురువుల పేరు వెనక ఖాళీగానే ఉంటుంది. ఖాళీ అంటే తక్కువని కాదండోయ్, మా పక్కింటాయన ఒకసారి "ఈ ఫాదర్‌కి ఏ డిగ్రీ లేదేటి" అనేశాడు పాపం ఆయన ముందే.

రెండో పని, ఉన్నవాటిలో డిగ్రీలు వేరు చేయండి. పి.హెచ్.డి., బి.ఇడి., ఎం.ఎ. మనకి తెలిసినవే. బి.టి.హెచ్. అంటే దైవశాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ, ఎస్.టి.డి. అంటే అదే శాస్త్రంలో డాక్టరేటు, జె.సి.డి. అంటే శ్రీసభ (కథోలిక చర్చి) చట్టంలో డాక్టరేటు. బిషప్పుల పేరు వెనక డి.డి. అని కనబడుతుంది, అది కూడా డాక్టర్ ఆఫ్ డివినిటీ అనే గౌరవమే, సభ కాదు. ఇవన్నీ పక్కకి తీసేస్తే మిగిలింది సభ అక్షరాలు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త, ఎం.ఎస్. అని ఉంటే సర్జన్ అనుకోకండి, లాసలెట్ మాత మిషనరీల అక్షరాలు కూడా అవే. సి.ఎస్.సి. అంటే ఆధార్ అప్‌డేట్ చేసే సెంటరు మనకి, వాళ్ళకి హోలీ క్రాస్ సభ. ఓ.పి. అంటే పునీత (సెయింట్) డోమినిక్ స్థాపించిన ప్రసంగీకుల సభ, లాటిన్‌లో ఓర్దో ప్రెదికాతోరుమ్, 1216లో పోపు గారు ఆమోదించారు. ఇక ఆ కుర్రోడు భయపడ్డ సి.ఎం. సంగతికొస్తే అది పునీత విన్సెంట్ డి పాల్ 1625లో పెట్టిన కాంగ్రిగేషన్ ఆఫ్ ది మిషన్, వీళ్ళు మనకి దగ్గరే, స్పెయిన్ నుంచి వచ్చి 1922 నుంచి పక్కనున్న ఒడిశాలో పనిచేస్తున్నారు.

మూడో పని, మొదటి అక్షరం పట్టుకోండి. ఇది నేను నేర్చుకున్న చిట్కా, నూటికి నూరు పాళ్ళు పనిచేయదు గానీ చాలావరకు దారి చూపిస్తుంది. ఓ.తో మొదలైతే ఆర్డర్, ఎక్కువగా పాతకాలపు సభలు. ఓ.ఎస్.బి. బెనెడిక్టు సభ, ఓ.ఎఫ్.ఎం. ఫ్రాన్సిస్కన్లు, ఓ.ఎస్.ఎ. అగస్టీను సభ, ఓ.సి.డి. కార్మెల్ సభలో చెప్పులు లేనివాళ్ళు, అంటే అవిలా తెరెసమ్మ గారు సంస్కరించిన శాఖ. సి.తో మొదలైతే చాలాసార్లు కాంగ్రిగేషన్. ఎం. అయితే మిషనరీస్. ఎస్. అయితే సొసైటీ కావచ్చు, సిస్టర్స్ కావచ్చు, సేల్షియన్స్ కావచ్చు, ఇక్కడే తికమక. ఎఫ్. అయితే ఫ్రాన్సిస్కన్ కావచ్చు, లాటిన్‌లో ఫ్రాత్రెస్ అంటే సహోదరులు కావచ్చు, ఇటాలియన్‌లో ఫీల్యె అంటే కుమార్తెలు కూడా కావచ్చు. ఎఫ్.ఎస్.సి. చూసి ఫ్రాన్సిస్కన్ అనుకున్నాను చాలా ఏళ్ళు, తీరా చూస్తే డి లా సాల్ బ్రదర్స్, క్రైస్తవ పాఠశాలల సహోదరులని అర్థం. ఒక అక్షరం ఇంగ్లీషని, ఇంకోటి లాటినని, ఇంకోటి ఇటాలియన్ అని ఉండటం వల్ల వచ్చిన గొడవ ఇదంతా. మన ఇంగ్లీషుతో విడగొట్టి చదివితే సగం తప్పే వస్తుంది. ఎస్.జె. కూడా లాటిన్‌లో సొసియేతాస్ యేసు, ఇంగ్లీషులో సొసైటీ ఆఫ్ జీసస్, అదృష్టం కొద్దీ రెండిటికీ అక్షరాలు కలిశాయి. ఇగ్నేషియస్ లొయోలా గారి సభ, 1540లో ఆమోదం, తెలుగులో యేసు సభ అంటాం, విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీ వీళ్ళదే.

ఇప్పుడు మన వైపు ఎక్కువగా తగిలేవి చెప్తాను, ఇవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు ఎం.ఎస్.ఎఫ్.ఎస్., అంటే పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు. ఉత్తరాంధ్ర కథోలిక చరిత్రంటే చాలావరకు వీళ్ళ చరిత్రే. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల దగ్గర ఆనెసీ అనే ఊరుంది, అక్కడ పీటర్ మెర్మియె అనే ఫాదర్ 1838లో ఈ సభ పెట్టారు, ఎనిమిదేళ్ళు తిరక్కుండానే 1846లో వీళ్ళ మనుషులు ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశారు. ఆ తర్వాత మూడేళ్ళకి 1849లో అదే ఆనెసీ నుంచి సిస్టర్లు యానాంలో దిగారు, వాళ్ళే ఎస్.జె.ఎ., ఆనెసీ జోజప్ప గారి సిస్టర్లు. విశాఖలో సెయింట్ జోసెఫ్ మహిళా కాలేజీ వాళ్ళదే. మా నాయనమ్మ కాలంలో ఈ సిస్టర్లని "దొరసాని అమ్మగార్లు" అనేవారట. ఇక్కడ తప్పు ఎక్కడొస్తుందంటే ఎస్.జె.ఎ. చూసి చివరి ఎ. టైపింగ్ మిస్టేక్ అనుకుని కొట్టేస్తారు, అప్పుడు సిస్టర్ గారు యేసు సభలో పడతారు. యేసు సభలో ఆడవాళ్ళు ఉండరు! సిస్టర్ పేరు వెనక ఉత్త ఎస్.జె. కనబడిందంటే ఏదో అక్షరం రాలిపోయిందని లెక్క.

తర్వాత పి.ఐ.ఎం.ఇ. దీన్ని అక్షరాలుగా చదవరు, పిమే అని ఒకే మాటగా అంటారు. లాటిన్‌లో విదేశీ మిషన్ల పోపుగారి సంస్థ అని అర్థం వచ్చే పేరు. ఇటలీలో 1850లో మిలాన్‌లో దీని వేళ్ళున్నాయి, ఐదేళ్ళకే హైదరాబాద్ వైపు వచ్చారు. మన శ్రీకాకుళం పీఠాధిపతులు రాయరాల విజయ్ కుమార్ గారి పేరు వెనక ఉండేది ఇదే, 2019లో నియమితులయ్యారు. దీన్నిబట్టి ఇంకో రూలు కూడా తెలుస్తుంది, సభ నుంచి వచ్చినాయన బిషప్పయినా అక్షరాలు పోవు. విశాఖ ఆర్చిబిషప్పుగా చేసిన కాగితపు మరియదాసు గారి పేరు వెనక ఎం.ఎస్.ఎఫ్.ఎస్. అలాగే ఉండేది. పోపు గారైతే మాత్రం వాడరు. ఫ్రాన్సిస్ పోపు గారు యేసు సభ నుంచి వచ్చారు, 2025 మేలో ఎన్నికైన పద్నాలుగో లియో గారు ఓ.ఎస్.ఎ., కానీ జగద్గురువులు అయ్యాక పేరు వెనక ఆ అక్షరాలు రాయరు. ఫ్లెక్సీ మీద పోపు గారి ఫోటో కింద వెనకాల ఎస్.జె. పెట్టించిన ఘనులు ఉన్నారు, అది చేయకండి.

జె.ఎం.జె. సిస్టర్లు, యేసు మరియ జోజప్పల సభ, హాలెండ్ నుంచి 1904లో గుంటూరొచ్చారు. ఎఫ్.ఎం.ఎం. అంటే మరియమాత ఫ్రాన్సిస్కన్ మిషనరీలు, పుట్టింది మన దేశంలోనే, 1877లో ఊటీలో. హెచ్.జి.ఎన్., అంటే హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ అయితే ఇంకా దగ్గర, 1984లో ఏలూరులో పుట్టింది. ఎం.సి. మదర్ తెరెసా సిస్టర్లని అందరికీ తెలుసు, నీలం అంచు తెల్ల చీర. ఆవిడ మొదట లొరెటో సిస్టరు, అప్పుడు ఆవిడ సభ అక్షరాలు ఐ.బి.వి.ఎం., బయటకొచ్చి 1950లో సొంత సభ పెట్టాక ఎం.సి. అయ్యాయి. ఇల్లు మారితే అక్షరాలు మారతాయి. అందుకే పాత కార్డు చూసి కొత్త కార్డుకి ఎక్కించేయకండి, ఎవరైనా సభ వదిలి మేత్రాసనంలో చేరిపోతే ఆ అక్షరాలు ఇక రాయకూడదు, రాస్తే ఆయనకి ఇబ్బందిగా ఉంటుంది.

ఇక అసలు తలనొప్పి ఫ్రాన్సిస్‌లతో. ముగ్గురు పునీతులు, ముగ్గురూ ఫ్రాన్సిసే, మన జనాలు ముగ్గుర్నీ కలిపేస్తారు. పక్షులతో మాట్లాడారని చెప్పే అస్సీసి ఫ్రాన్సిస్ గారు 1209లో మొదలుపెట్టింది ఓ.ఎఫ్.ఎం., అంటే చిన్న సహోదరుల సభ. అందులోంచే 16వ శతాబ్దంలో కపుచిన్లు వచ్చారు, వాళ్ళు ఓ.ఎఫ్.ఎం. తర్వాత క్యాప్ అని రాసుకుంటారు, టోపీలాంటి ముసుగున్న గోధుమరంగు అంగీ, కాఫీ షాపులో అమ్మే కపుచ్చినోకి ఆ పేరు వీళ్ళ అంగీ రంగు వల్లే వచ్చింది. రెండో ఆయన ఫ్రాన్సిస్ డి సేల్స్, జెనీవా బిషప్పు, 1622లో చనిపోయారు. ఈయన పేరు పెట్టుకున్న సభలు చాలా ఉన్నాయి, ఎం.ఎస్.ఎఫ్.ఎస్. వాళ్ళని ఫ్రాన్సేలియన్లు అంటారు, డాన్ బాస్కో గారు 1859లో పెట్టిన సభని ఎస్.డి.బి. అని రాసి సేల్షియన్లు అంటారు. రెండూ ఒకటి కాదు, రెండూ ఫ్రాన్సిస్కన్లూ కాదు. ఆ రెండిటినీ డి సేల్స్ గారు స్థాపించలేదు కూడా, ఆయన పోయి రెండొందల ఏళ్ళు దాటాక ఆయన మీద అభిమానంతో పేరు పెట్టుకున్నారంతే. మూడో ఆయన ఫ్రాన్సిస్ జేవియర్, గోవాలో దేహం ఉన్నాయన, ఆయన ఎస్.జె. ఫ్రాన్సేలియన్ ఫాదర్ గారిని మైకులో "ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన" అని పిలిచినప్పుడు ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నారు గానీ వెనక కూర్చున్న సిస్టర్లు గుసగుసలాడుకున్నారు, ఆ పిలిచిందెవరో చెప్పక్కర్లేదు కదా.

ఇంకో గుంపు సి.ఎం. గుంపు. సి.ఎం. చెప్పుకున్నాం. సి.ఎం.ఐ. కేరళలో 1831లో మొదలైన సభ, చావర కురియాకోస్ గారిది. సి.ఎం.సి. అదే కుటుంబంలో సిస్టర్లు. సి.ఎం.ఎఫ్. క్లారెషియన్లు, స్పెయిన్, 1849. ఒక్క అక్షరం తప్పితే దేశం మారిపోతుంది. ఎస్.ఎం. ఇంకా దారుణం, మారిస్ట్ ఫాదర్లూ మేరియనిస్టులూ వేర్వేరు సభలు, ఇద్దరూ ఎస్.ఎం. అనే రాసుకుంటారు, అక్కడ అక్షరాలు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు, అడగాల్సిందే.

మన ఊళ్ళలో కనబడే రెండు బోర్డుల గురించి కూడా చెప్పి వదిలేస్తాను. ఆర్.సి.ఎం. అంటే సభ పేరు కాదు, రోమన్ కాథలిక్ మిషన్, అంతే, స్కూలుకీ చర్చికీ రాస్తారు, మనిషి పేరు వెనక రాయరు. సి.బి.ఎం. అంటే కెనడియన్ బాప్టిస్ట్ మిషన్, కథోలిక సభే కాదు, శ్రీకాకుళం నుంచి పార్వతీపురం దాకా వాళ్ళ పాత చర్చిలుంటాయి కాబట్టి సి.ఎం.తో కలిపేసేవాళ్ళున్నారు.

ఇప్పుడు రాయడం సంగతి. పేరు రాయండి, తర్వాత కామా, తర్వాత సభ అక్షరాలు, డిగ్రీలు ఉంటే వాటి తర్వాత. డిగ్రీ ముందు పెట్టి సభ వెనక పెట్టకండి. చుక్కలు పెట్టాలా వద్దా అంటే రెండూ నడుస్తాయి, ఒక కార్డు మీద ఒకే పద్ధతి ఉంచండి చాలు. తెలుగులో అయితే ఎస్ అనో యస్ అనో ఏదో ఒకటి ఫిక్స్ అవ్వండి, ఒకే ఫ్లెక్సీ మీద యస్.జె., ఎం.ఎస్.ఎఫ్.ఎస్. పక్కపక్కన చూస్తే కళ్ళలో ఇసక పడ్డట్టుంటుంది నాకు. ఇంగ్లీషులో రాస్తే చిన్నక్షరం పెద్దక్షరం చూసుకోండి. రక్షకుని సభ ఉంది కదా, అల్ఫోన్సస్ లిగోరి గారు 1732లో పెట్టింది, దాన్ని రాసేటప్పుడు సి పెద్దది, మొదటి ఎస్ పెద్దది, రెండో ఎస్ చిన్నది, ఆర్ పెద్దది. ఎందుకంటే ఆ రెండు ఎస్‌లూ ఒకే లాటిన్ మాటవి, సాంక్తిస్సిమి, అంటే అతి పరిశుద్ధ. డిజైనర్లు క్యాప్స్ లాక్ నొక్కేసి అన్నీ పెద్దవి చేసేస్తారు, అది కంట్రోల్ చేయాల్సింది మీరే.

గారు ఎక్కడ పెట్టాలనేది మన తెలుగోళ్ళకే ఉన్న సమస్య. రాయప్ప గారు, ఎస్.జె. అనాలా, రాయప్ప, ఎస్.జె. గారు అనాలా? రెండూ చూశాను. నేనైతే రెండో దానికి ఓటేస్తాను, పేరుకీ ఇంటికీ మధ్య గారు దూర్చడం నాకు నచ్చదు. మైకులో చెప్పేటప్పుడు మాత్రం అక్షరాలు చదవొద్దు, ఎం.ఎస్.ఎఫ్.ఎస్. అని గబగబా చదివితే సగం మందికి ఎల్.ఐ.సి. పాలసీ నంబరులా వినిపిస్తుంది. "రాయప్ప గారు, యేసు సభ గురువులు" అనండి, ఫ్రాన్సేలియన్ సభ గురువులనండి, వినడానికి బావుంటుంది. ఒకసారి రాశాక అదే పేజీలో పేరు వచ్చిన ప్రతిసారీ అక్షరాలు తగిలించక్కర్లేదు.

ఇంకా మొదటి మాటపట్టు ఇవ్వని వాళ్ళకి, అంటే నోవిషియేట్లో ఉన్న పిల్లలకి అక్షరాలు రాయకండి. మా చుట్టాల అబ్బాయి ఒకడు సెమినరీలో చేరిన నెలకే వాళ్ళ నాన్న ఇంటి ముందు నేమ్‌ప్లేటు మీద సభ అక్షరాలతో సహా చెక్కించేశాడు, కుర్రాడు సెలవులకొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

డౌటొస్తే అడగండి. "ఫాదర్ గారూ, తమరు ఏ సభ?" అంటే చాలు, వాళ్ళు సంతోషంగా చెప్తారు, కథ కూడా చెప్తారు, టైముంటే అడగండి. "మీ పేరు వెనక డిగ్రీ ఏంటండీ" అని మాత్రం అడగొద్దు. ఆయన దొరక్కపోతే విచారణ ఆఫీసులో అడగండి, లేదా ఆయన పంపిన పాత ఉత్తరంలో సంతకం చూడండి, సంతకంలో ఎలా రాసుకుంటే మీరూ అలాగే రాయండి.

చివరి పని, ప్రింటుకి ఇచ్చే ముందు డిజైన్ ఫోటో తీసి, పేర్లున్న ఫాదర్లకి సిస్టర్లకి ఎవరిది వాళ్ళకి వాట్సాప్‌లో పెట్టి "ఓకేనా" అని అడిగి, వాళ్ళు ఓకే అన్నాకే షాపోడికి చెప్పండి, అప్పటిదాకా టీకి కూడా వెళ్ళొద్దు. అంతా అయిపోయి కట్టేశాక తప్పు కనబడితే కొత్త ఫ్లెక్సీకి టైముండదు, కాబట్టి అదే రంగులో ఆ రెండక్షరాలే చిన్న స్టిక్కరుగా కొట్టించుకుని సరైన చోట అంటించండి. మేం అదే చేశాం, వెనకాల ఎస్.జె. అంటించి, ముందున్న ఎస్.జె. మీదకి బంతిపూల దండ కాస్త కిందకి లాగి కట్టేశాం.